మడత రోబో ఇంకా ఆస్పత్రికి రాలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నా పీహెచ్‌డీ కడుపులో పనిచేసే చిన్న మడత రోబోల మీద అని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, అందరూ ఒకే వీడియో పంపుతున్నారు. క్యాప్సూల్‌లోంచి చిన్న ముక్క ఒకటి విచ్చుకుని, పాకుతూ వెళ్లి, బటన్ బ్యాటరీని లాక్కొస్తుంది. కింద ఎవరో "ఇక ఆపరేషన్లు అక్కర్లేదు" అని రాసి పెడతారు. ఆ ఒక్క మాటతోనే నా గొడవంతా.

అపోహ: ఆ రోబో వచ్చేసింది, పెద్ద ఆస్పత్రుల్లో అడిగితే దొరుకుతుంది.

రాలేదు. ఆ వీడియోలోది 2016లో అమెరికాలోని ఎంఐటీలో డానియెలా రస్ బృందం చూపించిన పని. గొప్ప పనే. సాసేజ్‌ల తొడుగుకి వాడే ఎండబెట్టిన పంది పేగుతో రోబోను చేసి, మడిచి, మంచు క్యాప్సూల్‌లో పెట్టారు. మంచు కరిగితే అది విచ్చుకుంటుంది. దానిలో చిన్న అయస్కాంతం ఉంటుంది, బయటి అయస్కాంత క్షేత్రంతో దాన్ని నడిపిస్తారు. అంతా బాగుంది, కానీ ఆ కడుపు సిలికాన్‌తో పోతపోసింది. అందులో ఆమ్లం బదులు నిమ్మరసం కలిపిన నీళ్లు. పొద్దున తిన్న ఇడ్లీ లేదు, ఏడుస్తూ కాళ్లు కొట్టుకునే పిల్లాడు లేడు.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఒక రాత్రి మా బంధువులమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, చిన్నోడు రిమోట్‌లోని గుండ్రటి సెల్ మింగిండు. మీ ల్యాబ్‌ల ఆ రోబో ఉంది కదా, తీస్తరా? డాక్టర్ల దగ్గరికి పోతే కోస్తరేమో అని భయమైతుంది." అంతకుముందే పక్కింటావిడ సలహాతో అరటిపండు తినిపించారట. ఫోన్ పెట్టేయకుండానే ఆటో ఎక్కించాను. ఎక్స్‌రేలో సెల్ కడుపులోకి దిగినట్టు కనబడింది. ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి కెమెరా పైపు దింపి తీశారు, కోత లేదు. అదృష్టం బాగుంది, అంతే.

గొంతు నుంచి కడుపుకి వెళ్లే గొట్టంలో, అంటే అన్నవాహికలో ఇరుక్కుని ఉంటే కథ వేరు. చాలామంది సెల్ పగిలి లోపలి మందు కారితేనే ప్రమాదం అనుకుంటారు. పగలక్కర్లేదు. తడి తగలగానే కరెంటు పారి, సెల్ నెగటివ్ వైపు గాఢమైన క్షారం తయారవుతుంది, అది అన్నవాహిక గోడను కాల్చేస్తుంది. 2 గంటల్లోనే తీవ్రంగా దెబ్బతినవచ్చు. రిమోట్‌కి పనికిరాదని తీసి పారేసిన సెల్‌లో కూడా అంత శక్తి మిగిలి ఉంటుంది. అసలు సంగతేమిటంటే, ఎంఐటీ రోబో రేపే మార్కెట్లోకి వచ్చినా ఇక్కడ అక్కరకు రాదు. అది కడుపులో పనిచేయడానికి చేసింది, పెద్ద ప్రమాదం అంతకంటే పైన, అన్నవాహికలో. కాబట్టి వాంతి చేయించొద్దు, అరటిపండ్లు పెట్టొద్దు, నాలాంటి వాళ్లకి ఫోన్ చేయొద్దు. ఎక్స్‌రే, పిల్లలకు ఎండోస్కోపీ రెండూ ఉన్న ఎమర్జెన్సీకి వెంటనే వెళ్లండి. ఎక్స్‌రేలో నాణెంలా కనబడుతుంది, కానీ అంచు దగ్గర రెండు వలయాలు కనిపిస్తాయి. మింగింది సెల్ కావచ్చని డాక్టర్‌కి మీరే ముందుగా చెప్పండి.

పెద్దవాళ్లది ఇదే అపోహకు ఇంకో రూపం. "పేగులో పాలిప్ ఉందన్నారు, ఏడాది ఆగితే మీ రోబో వస్తుంది కదమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. పైపు అంటే భయం, ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ పాలిప్ అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె. చాలావాటిని కొలనోస్కోపీలోనే, అంటే మలద్వారం గుండా పెద్దపేగులోకి కెమెరా పైపు పంపినప్పుడే, సన్నటి తీగ ఉచ్చు వేసి తీసేస్తారు. వదిలేస్తే కొన్ని కాలక్రమేణా క్యాన్సర్‌గా మారతాయి. ఆగమని నేనెలా చెప్తాను?

గచ్చిబౌలి వైపు హోర్డింగుల మీద కనిపించే రోబోటిక్ సర్జరీ వేరు. అక్కడ రోబో చేతుల్ని కదిపేది కన్సోల్ ముందు కూర్చున్న సర్జనే. క్యాప్సూల్ ఎండోస్కోపీ కూడా వేరు. అది అమెరికాలో 2001లోనే అనుమతి పొందింది, ఇక్కడా చేస్తున్నారు. సుమారు 26 మిల్లీమీటర్ల మాత్ర, పేగు కదలికతో కొట్టుకుపోతూ ఫొటోలు తీస్తుంది. మామూలు రకం దేన్నీ పట్టుకోదు, ముక్క తీయదు.

టీకాలో రోబో ఎక్కిస్తున్నారన్న పుకారుకి ఒక్క మాట చాలు: టీకా సూది రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, మా బల్ల మీది రోబోలు మిల్లీమీటర్లలో, సెంటీమీటర్లలో ఉంటాయి. వాటికి దూరం నుంచి ఆజ్ఞలు పంపడం కూడా వట్టి మాటే. చిన్న అయస్కాంతం నుంచి దూరం రెట్టింపైతే దాని క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పొట్ట కాస్త లావుగా ఉన్న మనిషిలో రేపు ఎలా నడపాలా అని మాకే టెన్షన్.

"పీహెచ్‌డీ అవగానే రోబో బయటికొస్తుందా?" అని మా అమ్మ కూడా అడుగుతుంది. నా థీసిస్ మొత్తం ఒక మడత గీత గురించి. పొర పలచగా ఉంటే గీత వెంబడి చీలుతుంది, మందంగా ఉంటే క్యాప్సూల్‌లో పట్టదు. 37 డిగ్రీల ఆమ్లంలో నానాక మెత్తబడి, అయస్కాంతం లాగినప్పుడు లేవాల్సిన కాలు తడిసిన అప్పడంలా చుట్టుకుపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న రాగి తీగతో కాయిల్ చుట్టి, దాని మధ్య గాజు గిన్నెలో ఇవన్నీ చూస్తాం. ఆ తర్వాత జంతువులు, ఎథిక్స్ కమిటీ, మనుషుల మీద పరీక్షలు, లైసెన్సు.

ఈలోగా ఎవరైనా మడత రోబోతో వైద్యం చేస్తామని అడ్వాన్స్ అడిగితే, సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పమనండి. అది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, మన దేశంలో మనుషుల మీద చేసే వైద్య పరీక్షలు అందులో నమోదు కావాలి, ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. నంబర్ చెప్పకపోతే డబ్బు కట్టకుండా ఇంటికి రండి.