పుచ్చు వంకాయ గట్టు మీదే మొదలవుతుంది

విశాఖ ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో వంకాయలు ఏరే చేయి ప్రతి కాయనూ ఓసారి తిప్పి చూస్తుంది, చిల్లు ఉందేమోనని. నిజానికి ఆ పెద్ద చిల్లు పురుగు బయటికి పోయిన దారి. లోపలికి దూరిన దారి సూదిమొనంతే ఉంటుంది, కంటికి ఆనదు. అందుకే నున్నటి కాయ కోసినా ఒక్కోసారి పురుగు కనిపిస్తుంది.

ఇది కొమ్మ, కాయ తొలుచు పురుగు. దీని తల్లి, తెల్లని రెక్కల పురుగు, రాత్రిపూట ఆకుల అడుగున, లేత కొమ్మలపైన, మొగ్గలపైన గుడ్లు పెడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పొదిగిన పిల్లపురుగు కొద్ది గంటల్లోనే కొమ్మలోకో కాయలోకో దూరిపోతుంది. మందు పడినా తగిలేది ఆ కొద్ది గంటలే. పైగా వంకాయ నాలుగైదు రోజులకోసారి కోతకొస్తుంది. మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసిన గడువు అంతకంటే ఎక్కువైతే, ఆ గడువు తీరకముందే కాయ బజారుకొచ్చేస్తుంది. ఇక పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే ట్రతాలా అనే సన్నని కందిరీగ కూడా ఆ మందుకే చస్తుంది.

లోపల రెండు వారాలు తిన్న పురుగు కిందికి దిగి ఎండాకుల్లో, పుల్లల్లో గట్టి గూడు అల్లుకుంటుంది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపైనా, ఇంకెక్కడైనా, పాత తోట పీకి ఆ వంగకట్టెను పొయ్యికని గట్టున పేరిస్తే కొత్త మడికి పురుగును మనమే దాచి ఉంచినట్టు. నారు నాటకముందే దాన్ని ఊరవతలికి చేర్చాలి, లేదా కాల్చేయాలి. ఈ ఒక్క పని వదిలేసి మిగతావన్నీ చేసినా ఫలితం సగమే.

నాటిన మూడు వారాల నుంచి వారానికోసారి, పురుగు తొలిచి వాలిన కొమ్మల తలలు తుంచాలి. వాడిన చోటికి రెండంగుళాలు కిందికి కోయాలి, ఎందుకంటే పురుగు కిందికే తొలుచుకుంటూ పోతుంది. తుంచినవి, పుచ్చు కాయలు సంచిలో వేసి మూతికట్టి ఎండలో పెట్టాలి. గట్టున పారేస్తే పురుగు పాక్కుంటూ వెళ్లి గూడు కట్టుకుంటుంది. చెట్టంతా ఒకేసారి వడలితే మాత్రం అది ఈ పురుగు పని కాకపోవచ్చు, బాక్టీరియా ఎండు తెగులేమో చూడాలి.

లింగాకర్షక బుట్టలు, అంటే ఆడపురుగు వాసనలాంటి ఎరతో మగ పురుగులను రప్పించి పట్టేవి, పురుగు ఉధృతి తెలియడానికైతే ఎకరాకు నాలుగైదు చాలు. మగ పురుగులను పట్టి తగ్గించాలంటే సుమారు 40, అంటే పది మీటర్లకొకటి. బుట్ట చెట్టు తల ఎత్తులో ఉండాలి, చెట్టు పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఎర నెలకోసారి మార్చాలి. కొట్లో వంకాయ ఎర అని గట్టిగా అడగండి, టమాట కాయతొలుచు పురుగు ఎరకు ఈ పురుగు రాదు. పక్క మడుల్లో కూడా పెట్టకపోతే జతకట్టిన ఆడపురుగులు అక్కడి నుంచి ఎగిరొస్తాయి, కాబట్టి నలుగురూ కలిసి పెట్టుకోవడమే మేలు.

వేపగింజల కషాయం గుడ్లు పెట్టనివ్వదు, దూరకముందు పిల్లపురుగును అడ్డుకుంటుంది. ఐదు కిలోల గింజపప్పు పొడిని పది లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, 200 గ్రాముల సబ్బు కలిపి, 100 లీటర్లు చేయాలి. మూడు నెలల నుంచి ఎనిమిది నెలల నిల్వ ఉన్న గింజలు మేలు. ఎండకు దాని గుణం విరిగిపోతుంది కాబట్టి సాయంత్రమే, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.