పడవ మీది జెండాలు: అపోహలు - వాస్తవాలు

నౌకాదళం సిగ్నల్ విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత నల్లగొండ జిల్లా హాలియాలో స్థిరపడ్డ నా దగ్గరకు వచ్చేవారిలో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నడిపే మిత్రులే ఎక్కువ. నాగార్జునసాగర్ చూడటానికి వెళ్తూ దారిలో ఆగి, మాస్టు (తెరచాప కట్టే స్తంభం) మీద ఏ జెండా ఎగరేయవచ్చు, నౌకా చరిత్రలో ఏది నిజం, ఏది కట్టుకథ అని అడుగుతుంటారు. వారు విన్న సంగతుల్లో చాలావరకు సినిమాల నుంచి వచ్చినవే.

జెండా అంటే పడవ యజమాని అభిరుచికి గుర్తు అనే భావన వారిలో బలంగా ఉంటుంది. శిక్షణలో మాకు నూరిపోసింది వేరు: కట్టినవాడి మనసులో ఏముందన్న దానితో నిమిత్తం లేకుండా, దూరం నుంచి దుర్భిణిలో చూసేవాడు కోడ్ పుస్తకం ప్రకారమే జెండాను చదువుతాడు.

అపోహ: పసుపు జెండా కట్టిన నౌకలో అంటువ్యాధి ఉన్నట్టు.

వాస్తవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంతర్జాతీయ సంకేత నియమావళిలో ‘క్యూ’ అక్షరానికి చెందిన పూర్తి పసుపు జెండా ఒక్కటే ఎగిరితే, ‘మా నౌకలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతించండి’ అని అర్థం. అపోహకు కారణం లేకపోలేదు. పూర్వం పసుపు రంగును నిజంగానే వ్యాధిసోకిన నౌకలకు వాడేవారు. ఈనాడు రేవులో ఉన్న నౌక క్వారంటైన్‌లో ఉందని తెలిపేది పసుపు, నలుపు గడులున్న ‘ఎల్’ జెండా. అదే జెండాకు నడిసముద్రంలో ‘మీ నౌకను వెంటనే ఆపండి’ అని మరో అర్థం ఉంది. కరోనా రోజుల్లో పడవ గట్టుకు కట్టేసి ఉండగా పసుపు జెండా ఎగరేయాలా అని ఒక మిత్రుడు అడిగారు. విదేశం నుంచి రేవుకు చేరిన నౌకకు తప్ప చెరువులోని పడవకు దానితో పని లేదు.

అపోహ: ఆపదలో ఉన్నప్పుడు జాతీయ పతాకాన్ని తలకిందులుగా కట్టాలి.

ఇది ప్రమాదకరమైన అపోహ. మన పతాక నియమావళి ప్రకారం కాషాయం కిందికి వచ్చేలా జెండాను ప్రదర్శించకూడదు. ఉద్దేశపూర్వకంగా అలా చేయడం జాతీయ గౌరవానికి భంగం కలిగించే చర్యలను నివారించే 1971 నాటి చట్టం కింద నేరం. చట్టాన్ని పక్కన పెట్టినా, ఈ సంకేతం పనికిరాదు. జపాన్ పతాకాన్ని ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. పోలండ్ పతాకాన్ని తిరగేస్తే ఇండోనేషియా పతాకమని చూసేవాడు పొరబడతాడు. అంతర్జాతీయంగా గుర్తించిన ఆపద సంకేతాల జాబితాలో తలకిందుల పతాకం లేదు. ఆ జాబితాలో ఉన్నది పైన ‘ఎన్’, కింద ‘సి’ జెండాలు: మొదటిది నీలం, తెలుపు గడులు, రెండోది నీలం, తెలుపు, ఎరుపు, తెలుపు, నీలం అడ్డచారలు. ఇవి దగ్గర లేకపోతే రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా, పదేపదే పైకెత్తి దించడం కూడా అదే జాబితాలోని సంకేతం. కృష్ణమ్మ మీద పుట్టి నడిపేవారికి సైతం ఇది ఉపయోగపడుతుంది, పైసా ఖర్చు లేదు.

అపోహ: నౌకాదళం మీద అభిమానంతో నౌకాదళ పతాకాన్ని సొంత పడవ మీద ఎగరేసుకోవచ్చు.

అభిమానం మంచిదే, కానీ ఆ పతాకం నౌకాదళానికే చెందినది. భారతీయ వాణిజ్య నౌకలకు పై మూలన త్రివర్ణం ఉన్న ఎర్ర పతాకం వేరుగా ఉంది. జాతీయ పతాకాన్ని ఎగరేయాలనుకునే సామాన్య పౌరుడు పతాక నియమావళిని పాటించాలి; గాలికీ తడికీ అది త్వరగా చిరుగుతుంది, చిరిగిన జెండాను ఉంచకూడదు.

నౌకాదళ పతాకం చరిత్ర మాత్రం తెలుసుకోదగినది. 1950లో తెల్లని పతాకం మీద బ్రిటిష్ వారి ఎర్ర శిలువను అలాగే ఉంచి, మూలన త్రివర్ణాన్ని చేర్చారు. 2001లో శిలువను తీసేసి నౌకాదళ చిహ్నాన్ని నీలిరంగులో పెట్టారు. ఆకాశం, సముద్రం రెండూ నీలమే కావడంతో ఆ గుర్తు దూరానికి స్పష్టంగా కనిపించడం లేదన్న ఫిర్యాదులు వచ్చి, 2004లో శిలువ తిరిగి వచ్చింది, ఈసారి దాని మధ్యలో జాతీయ చిహ్నంతో. 2014లో ‘సత్యమేవ జయతే’ చేరింది. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో ఐఎన్ఎస్ విక్రాంత్‌ను నౌకాదళంలో చేర్చిన రోజున శిలువ శాశ్వతంగా తొలగి, ఛత్రపతి శివాజీ రాజముద్ర స్ఫూర్తితో బంగారు అంచుల నీలి అష్టభుజి వచ్చింది. లంగరు మీద జాతీయ చిహ్నం, ‘శం నో వరుణః’ అన్న నౌకాదళ నినాదం అందులో ఉన్నాయి. సిగ్నల్ పని చేసినవాడిగా నన్నడిగితే, 2001 నాటి అనుభవం నుంచి నేర్చుకోవలసింది ఎక్కువ: ఉద్దేశం ఎంత గొప్పదైనా, అల్లంత దూరంలోని కంటికి ఆనకపోతే ఆ జెండా తన పని చేయనట్టే.

అపోహ: సముద్రదొంగల జెండాల్లో పుర్రె ఉన్న నల్లజెండాయే అన్నిటికంటే భయంకరమైనది.

లొంగిపోతే ప్రాణాలతో వదిలేస్తామన్న సూచన నల్లజెండాలో ఉండేది. ఎర్రజెండా ఎగిరితే ఎవరినీ వదలబోమని అర్థం. పుర్రె జెండాను 1914లో బ్రిటిష్ జలాంతర్గామి ఈ-9 సైతం ఎగరేసింది: జర్మన్ యుద్ధనౌక హేలాను ముంచి రేవుకు తిరిగి వచ్చినప్పుడు. ఫోటోల కోసం ఈ జెండా కడతామనేవారికి నా అభ్యంతరం ఏమీ లేదు, పిల్లలు ముచ్చటపడతారు. జాతీయ పతాకం సరసన మాత్రం వద్దు.

అపోహ: పంద్రాగస్టుకు మాస్టు నిండా చేతికందిన జెండాలన్నీ దండగా కట్టవచ్చు.

నౌకలను అలంకరించే సంకేత జెండాలకు నిర్ణీత వరుస ఉంటుంది; పొరపాటున కూడా ఏ సందేశమూ ఏర్పడకుండా దాన్ని కూర్చారు. త్రివర్ణాన్ని ఆ తోరణంలో కలపడానికి పతాక నియమావళి ఒప్పుకోదు.

అపోహ: సముద్రం లేని తెలంగాణకు నౌకా చరిత్రతో సంబంధం లేదు.

ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనాన్ని చూడండి. తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆ శాసనం వర్తకులకు హామీ ఇచ్చింది. అంతకు వెయ్యేళ్ల ముందే శాతవాహనులు రెండు మాస్టుల ఓడ బొమ్మతో నాణేలు వేశారు.

అపోహ: పడవ పందెం తుపాకీ మోతతో, లేదా హారన్‌తో మొదలవుతుంది.

హుస్సేన్‌సాగర్ పోటీలకు కొత్తగా వచ్చేవారు తరచుగా నష్టపోయేది ఇక్కడే. నియమాల ప్రకారం సమయాన్ని కంటికి కనిపించే సంకేతం నుంచే లెక్కించాలి. మోత వినిపించకపోయినా దాన్ని పట్టించుకోకూడదు. సాధారణ పద్ధతిలో అయిదు నిమిషాల ముందు తరగతి జెండా (పోటీపడే పడవల రకాన్ని తెలిపేది), నాలుగు నిమిషాల ముందు ‘పి’ జెండా ఎగురుతాయి. ఒక నిమిషం ఉండగా ‘పి’ దిగుతుంది. తరగతి జెండా దిగిన క్షణమే ఆరంభం. రేవులో ఉన్న ఓడ మీద ఇదే ‘పి’ ఎగిరితే, నౌక బయలుదేరబోతోంది కనుక అందరూ ఎక్కాలని అర్థం. ఆరంభమైన వెంటనే తెలుపు మీద నీలి శిలువ ఉన్న ‘ఎక్స్’ జెండా ఒక మోతతో లేస్తే, కనీసం ఒక పడవ ఆరంభ గీత దాటి ముందే వెళ్లిందన్నమాట. ఆ పడవ వెనక్కి వచ్చి మళ్లీ గీత దాటాలి, లేదంటే పూర్తిచేసిన పందెం లెక్కలోకి రాదు.