సృజనాత్మకత డ్రాయింగ్ పీరియడ్‌కే పరిమితమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను లెక్కల టీచర్‌ని. పిల్లల సృజనాత్మకత గురించి తల్లిదండ్రులూ తోటి ఉపాధ్యాయులూ గట్టిగా నమ్మే కొన్ని మాటలు పిల్లలకు నష్టమే చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సృజనాత్మకత అంటే బొమ్మలు, పాటలు, నాటకాలు. లెక్కలకూ దానికీ సంబంధం లేదు.

వాస్తవం: అంతా ప్రశ్న అడిగే తీరులో ఉంది. "పొడవు 8, వెడల్పు 4 సెంటీమీటర్లయితే చుట్టుకొలత ఎంత?" అంటే 24 అని రాసి పిల్లలు పెన్ను పక్కన పెడతారు. అదే ప్రశ్నను తిరగేసి, "చుట్టుకొలత 24 ఉండే దీర్ఘచతురస్రాలు ఎన్ని గీయగలరు? వాటిలో దేని వైశాల్యం ఎక్కువ?" అని అడిగి చూడండి. 11, 1 తీసుకుంటే వైశాల్యం 11 మాత్రమే. 8, 4 దగ్గర అది 32. 6, 6 దగ్గర 36కు చేరగానే చతురస్రాన్ని దీర్ఘచతురస్రాల్లో లెక్కించవచ్చా అని వాదన మొదలవుతుంది. మొత్తం ఆరే ఉన్నాయని తేల్చేసరికి ఎవరో పదకొండున్నర, అర అంటారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గీత వంపుగా ఉండకూడదా అని ఇంకొకరు అడిగితే పాఠం వృత్తం దాకా వెళ్తుంది. అదే చుట్టుకొలతతో వృత్తం వైశాల్యం దాదాపు 45.8 చదరపు సెంటీమీటర్లు! ఇందులో రంగు పెన్సిళ్ల పని ఎక్కడా లేదు. ఇంతకంటే సృజనాత్మకమైన గంట బడిలో ఏముంటుంది?

అపోహ: చదువు బరువు తగ్గిస్తే సృజనాత్మకత దానంతటదే వికసిస్తుంది.

వాస్తవం: విషయం తెలియకుండా కొత్త ఆలోచన పుట్టదు. వైశాల్యం అంటే ఏమిటో తెలిసిన పిల్లలే పై ప్రశ్నలు వేయగలిగారు. వివిధ దేశాల విద్యార్థులను పోల్చే పీసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో, 2022లో 15 ఏళ్ల విద్యార్థుల సృజనాత్మక ఆలోచననూ పరీక్షించారు. అందులో మొదటి స్థానం సింగపూర్‌ది, గణితంలోనూ అదే మొదటిది. అయితే గణితంలో ముందున్నవాళ్లందరూ ఇందులో ముందు లేరు. విషయ పరిజ్ఞానం కావాలి, కానీ అదొక్కటే చాలదు. బట్టీ పెట్టించి వదిలేస్తే సగం పని మిగిలిపోయినట్టే.

అపోహ: కుడి మెదడు బలంగా ఉన్న పిల్లలే సృజనాత్మకంగా ఉంటారు.

వాస్తవం: దీనికి ఆధారం లేదు. కొత్తగా ఆలోచించేటప్పుడు మెదడు రెండు వైపులా పనిచేస్తుంది. ఈ పేరుతో పిల్లలను విడదీయకండి.

అపోహ: బహుమతులు ఇస్తే పిల్లలు ఇంకా బాగా సృష్టిస్తారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న శిశుతరగతి పిల్లలను గమనించారు. కొందరికి బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత స్వేచ్ఛగా ఆడుకునే వేళ, ముందే మాట పొందిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలకు కేటాయించారు. చెప్పకుండా ఇచ్చినచోట ఇష్టం అలా తగ్గలేదు. ఆశపెట్టి చేయించడమే చేటు చేసింది. అందుకే చిత్తుప్రతికి మార్కులు వేయవద్దని తోటి ఉపాధ్యాయులను బతిమాలుతుంటాను. మొదటి ప్రయత్నానికే పదికి నాలుగు పడితే, రెండోసారి ఆ పిల్లవాడు మనకు నచ్చేదే రాస్తాడు, తనకు తోచింది రాయడు.

అపోహ: సృజనాత్మకతకు హద్దులు ఉండకూడదు.

వాస్తవం: "వర్షం గురించి మీ ఇష్టం వచ్చింది రాయండి" అంటే చాలామంది తెల్లకాగితం చూస్తూ కూర్చుంటారు, లేదా పాఠ్యపుస్తకంలోని వాక్యాలే తిరిగి రాస్తారు. "వర్షం అన్న మాట వాడకుండా, చెవికి వినిపించేవాటితోనే ఐదు వాక్యాలు రాయండి" అంటే రేకుల మీద చప్పుడు, తలుపు సందులో గాలి, దూరంగా ఎవరో ఎవరినో పిలుస్తున్న గొంతు కాగితం మీదికి వస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. నమూనా జవాబును ముందే బోర్డు మీద రాయకండి. రాశామా, తరగతిలో సగం మంది దానికి నకళ్లే ఇస్తారు. పిల్లలు తమవి రాసి చదివాక, కావాలంటే మీదీ చదివి వినిపించండి.