హై ప్రెషర్ నీటి గాయాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నీళ్లే కదా, తగిలితే ఏమవుతుంది?

వాస్తవం: చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి సన్నటి నీటిధారకు సుమారు 7 బార్ (బార్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం) చాలు. ప్రెషర్ వాషర్ 150 బార్‌లో నడుస్తుంటే నాజిల్ నుంచి నీరు సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో దూకుతుంది. లోహాన్ని కోసే వాటర్‌జెట్‌లో పీడనం 4,000 బార్ దాకా ఉంటుంది.

అపోహ: సూది గుచ్చినంత రంధ్రమే, నొప్పి కూడా లేదు. ప్లాస్టర్ వేసి షిఫ్టు పూర్తిచేయొచ్చు.

వాస్తవం: వేళ్లు పోగొట్టేది ఈ మాటే. పైకి కనిపించేది చిన్న చుక్క, చుట్టూ కాస్త పాలిపోయిన చర్మం. లోపల మాత్రం నీరు స్నాయువుల వెంట వేలి నుంచి అరచేతికి, ముంజేతికి పాకిపోయి ఉంటుంది. వాపు పెరిగేకొద్దీ రక్తనాళాలు నొక్కుకుపోతాయి. అసలు నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. పైగా అది ఉత్త నీరు కాదు. ట్యాంకులోని సూక్ష్మజీవులు, గ్రీజు, డిటర్జెంట్, కటింగ్ మెషీన్ అయితే కోతకోసం నీటిలో కలిపే గార్నెట్ రాతి రవ్వ, అన్నీ లోపలికి చేరతాయి.

వెంటనే ఉంగరం తీసేయండి. పొడి గుడ్డ వదులుగా చుట్టి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. పిండకండి, ఐసు పెట్టకండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి ఏమీ తినిపించకండి, తాగించకండి. చేతి శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పీడనం ఎంత, నీటిలో ఏం కలిసింది, ఎన్ని గంటలకు తగిలింది, చీటీ మీద రాసివ్వండి. ఆ చీటీ లేకపోతే డాక్టరు కూడా చిన్న గాయమే అనుకునే ప్రమాదం ఉంది.

అపోహ: తోలు గ్లోవ్స్ కాపాడతాయి.

వాస్తవం: గీతలు పడకుండా కాపాడతాయి, జెట్‌ను ఆపలేవు.

అపోహ: పంపు ఆపితే ప్రెషర్ పోయినట్టే.

వాస్తవం: హోస్‌లో ప్రెషర్ అలాగే చిక్కుకుని ఉంటుంది. పంపు ఆపి, ఎవరూ తిరిగి వేయకుండా తాళం వేసి, గన్‌ను ఖాళీ వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. గేజ్ సున్నాకు వచ్చాకే ఫిట్టింగ్ మీద స్పానర్ పెట్టాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడటం మహా ప్రమాదం.

అపోహ: ట్రిగ్గర్‌ను వైరుతో కట్టేస్తే చేతికి శ్రమ తప్పుతుంది.

వాస్తవం: 500 బార్‌లో నిమిషానికి 20 లీటర్లు పోతుంటే గన్ 10 కిలోలకు పైగా బలంతో వెనక్కి తంతుంది. జారిందంటే పాములా కొట్టుకుంటుంది. ట్రిగ్గర్ వదిలితే ధార ఆగాలి, కట్టేస్తే ఆగదు. షిఫ్టు మొదట్లోనే ఒకసారి ట్రిగ్గర్ వదిలి చూడండి. ధార వెంటనే పడిపోకపోతే ఆ గన్‌ను పక్కన పెట్టేయండి.