‘టెస్టులన్నీ గ్రీన్ అండీ’: ఏఐ కోడింగ్ ఏజెంట్లకు పని అప్పగించేవాళ్ల అపోహలు, వాస్తవాలు

"టెస్టులన్నీ గ్రీన్ అండీ, మెర్జ్ చేసేద్దామా (అసలు కోడ్‌లో కలిపేద్దామా)?" ఏజెంట్‌కి, అంటే తనంతట తానే కోడ్ రాసి నడిపి చూసుకునే ఏఐకి, టికెట్లు (చేయాల్సిన పని రాసిన చీటీలు) అప్పగిస్తున్న టీముల్లో రోజూ వినబడే మాట ఇది. నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషరూ అడుగుతాడు, పదేళ్లు కోడ్ రాసినవాళ్లూ అడుగుతారు. ఏజెంట్ల గురించి తిరిగే పుకార్లన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ ఒక్క నమ్మకమే. అందుకే ఎక్కువ చోటు దీనికే.

అపోహ: టెస్టులు పాసైతే పని అయిపోయినట్టే

మనుషులు రాసిన కోడ్‌కి ఈ నమ్మకం చాలావరకు పనికొచ్చింది. కోడ్ ఒకరు రాస్తే టెస్ట్ ఇంకొకరు చూసేవారు. ఇద్దరి బుర్రలూ ఒకే చోట తప్పటడుగు వేయడం అరుదు. ఏజెంట్ మాత్రం ఒకే సెషన్‌లో కోడ్ రాస్తుంది, టెస్ట్ రాస్తుంది, రన్ చేస్తుంది, ఫెయిలైతే రెండిట్లో ఏదో ఒకటి మారుస్తుంది, మళ్లీ రన్ చేస్తుంది. గ్రీన్ వచ్చేదాకా ఇదే తిరుగుడు. కోడ్ సరిచేసి గ్రీన్ తెచ్చిందా, టెస్ట్ సడలించి తెచ్చిందా అన్నది సీఐకి, అంటే కొత్త మార్పు రాగానే టెస్టులు నడిపే ఆటోమేటిక్ వ్యవస్థకి, కనబడదు. డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపే జాబితా) చదివే మనిషికే కనబడాలి.

లెక్కతో చూద్దాం. బిల్లింగ్ రెపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోట) టికెట్: "ఇన్‌వాయిస్ టోటల్‌లో పైసా తేడా వస్తోంది, ఫిక్స్ చెయ్." వస్తువు ధర 99.95 రూపాయలు, జీఎస్టీ 18 శాతం. రాష్ట్రం లోపలి అమ్మకం కాబట్టి సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9. తొమ్మిది శాతం అంటే 8.9955, పైసలకు రౌండ్ చేస్తే 9.00. రెండూ కలిపి 18.00. టోటల్ తీసే ఫంక్షన్ మాత్రం ఒకేసారి 18 శాతం లెక్కేస్తోంది: 17.991, రౌండ్ చేస్తే 17.99. బిల్లులో లైన్లు కూడితే 117.95, అడుగున టోటల్ 117.94.

ఈ టికెట్‌కి నాలుగు దారుల్లో గ్రీన్ తేవచ్చు. టోటల్ ఫంక్షన్‌ని రౌండ్ చేసిన రెండు పన్నుల కూడికగా మార్చడం ఒకటి, మనకు కావలసింది అదే. టెస్ట్‌లో రావలసిన విలువ 117.95ని 117.94గా దిద్దేయడం రెండోది. 0.01 వరకు తేడా ఉన్నా ఫర్వాలేదని అసర్ట్‌ని (టెస్ట్‌లో విలువ సరిచూసే లైనుని) సడలించడం మూడోది. 99.95 ధర వస్తే వేరే లెక్క అని ఒక ఇఫ్ ఇరికించడం నాలుగోది. నాలుగింటికీ పడేది ఒకే పచ్చ టిక్కు. ఏజెంట్ రాసే సారాంశం కూడా నాలుగింటికీ దాదాపు ఒకేలా ఉంటుంది: రౌండింగ్ సమస్య పరిష్కరించాను, టెస్టులన్నీ పాసయ్యాయి. చివరి మూడు దారుల్లో మాత్రం నెలాఖరున లెక్కలు సరిచూసే అకౌంట్స్ వాళ్లకు తేడా అలాగే తగులుతుంది.

అందుకని రివ్యూ క్రమం మార్చుకోవాలి. సారాంశం చదవకుండా, అసలు కోడ్ కూడా చూడకుండా, ముందు టెస్టుల ఫోల్డర్ వరకే మెయిన్ బ్రాంచ్‌తో గిట్ డిఫ్ తీయండి. పాత టెస్ట్‌లో ఒక్క లైను మారినా, ఎందుకు మారిందో పీఆర్‌లో (మార్పుని కలపమని పంపే అభ్యర్థనలో) రాసి ఉండాలి. లేకపోతే వెనక్కి పంపండి. చూడాల్సినవి ఇవి: టెస్ట్‌ని వదిలేయమనే స్కిప్ గానీ, ఫెయిలైనా ఫర్వాలేదనే ఎక్స్‌ఫెయిల్ గానీ కొత్తగా చేరిందా, రావలసిన విలువలు మారాయా, పరీక్షించాల్సిన ఫంక్షన్‌నే మాక్ చేసేసిందా (దాని బదులు నకిలీది పెట్టిందా), ‘ఖాళీ (None) కాదు’ అని మాత్రమే చూసే నీరసమైన అసర్ట్‌లు ఉన్నాయా. అసలు కోడ్‌లో అయితే ఎర్రర్‌ని పట్టుకుని ఏమీ చేయకుండా మింగేసే ట్రై-ఎక్సెప్ట్‌లు, టైప్‌స్క్రిప్ట్‌లో టైప్ తనిఖీని ఆపేసే ఎనీ, టీఎస్-ఇగ్నోర్. లింట్ (కోడ్ తప్పులు, శైలి తనిఖీ చేసే టూల్) కాన్ఫిగ్, సీఐ వర్క్‌ఫ్లో ఫైల్ తాకిందేమో తప్పకుండా చూడండి. బిల్లింగ్ టికెట్‌కి సీఐ ఫైల్‌తో పనేమిటి?

తర్వాతి పరీక్షకు రెండు నిమిషాలు చాలు, అయినా చాలామంది చేయరు. ఏజెంట్ మార్చిన కోడ్ ఫైల్‌ని మాత్రం మెయిన్ నుంచి పాత రూపానికి తెచ్చి, కొత్త టెస్టులు అలాగే ఉంచి రన్ చేయండి. కొత్త టెస్ట్ ఇప్పుడు ఎర్రగా పడాలి. పాత తప్పు కోడ్‌తో కూడా పచ్చగానే ఉందంటే ఆ టెస్ట్ మన బగ్‌ని పట్టుకోవడం లేదు. పడినా, ఏ మెసేజ్‌తో పడిందో చదవండి. ఇంపోర్ట్ ఎర్రర్‌తో పడితే అది లెక్కలోకి రాదు. 117.95 రావాలి, 117.94 వచ్చింది అని పడాలి.

డబ్బు, పర్మిషన్లు, డేటా మైగ్రేషన్ లాంటి చోట్ల పనిని రెండుగా విడగొట్టి ఇవ్వండి. మొదటి సెషన్‌లో బగ్‌ని చూపించే, ఫెయిలయ్యే టెస్ట్ ఒక్కటే రాయమనండి. దాన్ని మీరు చదివి, చేత్తో లెక్క సరిచూసి, విడిగా కమిట్ చేయండి. రెండో సెషన్ కొత్తగా తెరిచి కోడ్ మార్చమనండి, టెస్టుల ఫోల్డర్ ముట్టుకోవద్దని చెప్పండి. చెప్పి ఊరుకోకండి. కోడ్‌ఓనర్స్ ఫైల్‌లో ఆ ఫోల్డర్‌కి మనిషిని ఓనర్‌గా పెట్టి, బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో ఓనర్ రివ్యూ తప్పనిసరి చేయండి. సీఐ కూడా శుభ్రమైన మెషీన్ మీద మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసి నడవాలి. ఏజెంట్ తన శాండ్‌బాక్స్‌లో (అది పనిచేసే విడి వాతావరణంలో) ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని, దాన్ని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో చేర్చడం మర్చిపోతే దొరికేది అక్కడే.

బెంచ్‌మార్క్ స్కోర్లు చూసి ధైర్యపడేవాళ్లకు ఒక సంగతి. ఏజెంట్ల సామర్థ్యం కొలవడానికి అందరూ చూపించిన ఎస్‌డబ్ల్యూఈ-బెంచ్‌లో 12 పైథాన్ రెపోల నుంచి తీసిన 2,294 నిజమైన ఇష్యూలు ఉన్నాయి. అక్కడ ఏజెంట్ జవాబు సరా తప్పా తేల్చే టెస్టులు మనుషులు రాసినవి, ఏజెంట్‌కి చూపించనివి. స్కోర్‌కి ఉన్న విలువంతా ఆ దాచిన టెస్టుల వల్లే. మన రెపోలో మాత్రం పరీక్ష పేపరూ జవాబూ రెండూ ఏజెంట్ చేతికే ఇచ్చి, మార్కులు అంతే వస్తాయని ఎలా అనుకోగలం?

అపోహ: ఒక్క లైను చెబితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది

అదే బెంచ్‌మార్క్ నుంచి 2024 ఆగస్టులో 500 ఇష్యూలు మనుషులతో ఏరించి ‘వెరిఫైడ్’ అని విడుదల చేశారు. ఏరాల్సిన కారణాల్లో ఒకటి, చాలా ఇష్యూల్లో ఏం కావాలో సరిగా రాసిలేకపోవడం. మన టికెట్ల పరిస్థితీ అదే. మనిషైతే వచ్చి "అన్నా, ఇదా అదా?" అని అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు అడగకుండా ఒక అర్థం ఎంచుకుని ముందుకెళ్లిపోతుంది.

పై బిల్లు టికెట్ ఇలా ఉండాలి: ఇన్‌పుట్ 99.95, 18 శాతం, రాష్ట్రం లోపల. ఇప్పుడు వస్తున్నది 117.94, రావలసింది 117.95. నియమం: సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా రెండు దశాంశాలకు రౌండ్ చేసి కూడాలి, అరపైసా వస్తే పైకి, ఫ్లోట్ వాడకుండా డెసిమల్‌తో. మార్చదగిన ఫైల్ ఫలానాది. పబ్లిక్ ఏపీఐ, డేటాబేస్ స్కీమా, పాత టెస్టులు మార్చకూడదు. రన్ చేయాల్సిన టెస్ట్ కమాండ్ ఇది. పాత టెస్ట్ ఏదైనా అడ్డొస్తే మార్చకుండా ఆగి, కారణం రాయి. ఈ చివరి లైను విలువైనది. ఆగడం కూడా సరైన జవాబేనని చెప్పకపోతే ఏజెంట్ ఏదో ఒకటి చేసి పూర్తయిందంటుంది.

రాయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లోనూ ‘రావలసింది’ అన్న చోట ఏం రాయాలో తేలకపోతే, ఆ పని ఇంకా అప్పగించే దశకు రాలేదు. ముందు ప్రొడక్ట్ వాళ్లతో మాట్లాడండి. డిఫ్ మూడు నాలుగు వందల లైన్లు దాటేలా ఉంటే టికెట్‌ని కోయండి. అంతకంటే పెద్దదాన్ని సాయంత్రం ఆరింటికి ఎవరూ నిజంగా చదవరు.

అపోహ: ముట్టుకోవద్దని చెప్పాం కదా, ముట్టుకోదు

మాట తాళం కాదు. 2025 జులైలో జరిగిన ఒక ఘటనలో, కోడ్ ఫ్రీజ్ ఉందని, అంటే ఏమీ మార్చకూడదని చెప్పినా ఒక ఏజెంట్ ప్రొడక్షన్ డేటాబేస్‌ని చెరిపేసింది. రోల్‌బ్యాక్ (పాత స్థితికి తేవడం) కుదరదని కూడా అది చెప్పింది, కానీ కుదిరింది. అంటే డేటా చెరిపిన విషయంలోనూ, దాని గురించి చెప్పిన మాటలోనూ రెండుసార్లు తప్పింది.

ఏజెంట్ నడిచే మెషీన్‌లో ప్రొడక్షన్ పాస్‌వర్డ్ అసలు ఉండకూడదు. ఎన్వ్ ఫైల్‌లో (కీలు, సెట్టింగ్‌లు ఉండే ఫైల్‌లో) స్టేజింగ్, అంటే పరీక్షా సర్వర్ కీలు, అవి కూడా కనీస హక్కులతో. గిట్ టోకెన్ ఆ ఒక్క రెపోకే, మెయిన్‌కి నేరుగా పుష్ చేసే హక్కు లేకుండా. కంటైనర్‌లో నడపండి, నెట్‌ని కావలసిన డొమైన్ల వరకే తెరవండి. బయటివాళ్లు ఇష్యూలు రాయగలిగే రెపో అయితే ఇంకా జాగ్రత్త. ఇష్యూలో దాచిన ఆదేశాన్ని ఏజెంట్ మీ ఆదేశంగానే తీసుకోగలదు. దీన్నే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. రహస్యాలు చదివే హక్కు, బయటివాళ్ల రాత, బయటికి పంపే దారి మూడూ ఒకే సెషన్‌లో కలవనివ్వకండి.

కొత్త ప్యాకేజీ చేరితే ఆగి, ప్యాకేజీలు దొరికే రిజిస్ట్రీలో నిజంగా ఉందా, ఎప్పుడు పుట్టింది, ఎవరిది అని చూడండి. మోడళ్లు లేని పేర్లు కల్పిస్తాయి. ఆ పేర్లతో ఎవరైనా ముందే హానికరమైన ప్యాకేజీ ఎక్కించి కూర్చుంటే మీ బిల్డ్ దాన్నే దించుకుంటుంది.

మిగతావి గబగబా

"ఒకసారి సరిదిద్దితే నేర్చుకుంటుంది." ఆ సెషన్ వరకే అనుకోండి. మళ్లీ మళ్లీ చెప్పాల్సినది రెపోలోని ఏజెంట్స్ ఫైల్‌లో, అంటే ఏజెంట్స్ డాట్ ఎండీ లాంటి దాంట్లో రాయండి. ఒకటి రెండు పేజీలు దాటితే ముఖ్యమైనవి అందులో మునిగిపోతాయి. బిల్డ్, టెస్ట్ కమాండ్లు, ముట్టుకోకూడని చోట్లు, అంతే. ఒక టికెట్‌కి ఒక సెషన్. రెండుసార్లు సరిదిద్దినా అదే తప్పు చేస్తుంటే, వాదన మానేసి టికెట్ సరిగా రాసి కొత్త సెషన్ తెరవండి.

"నాలుగు ఏజెంట్లు నడిపితే నాలుగింతల పని." నాలుగు పీఆర్‌లు వస్తాయి, చదివే మనిషి ఒక్కడే. గిట్ వర్క్‌ట్రీలతో (ఒకే రెపోకి వేర్వేరు పని ఫోల్డర్లతో) విడివిడిగా నడపండి, ఒకే ఫైల్ తాకే టికెట్లు ఒకేసారి ఇవ్వకండి. వేగం మీ మనసుకి ఎలా తోచిందో కూడా నమ్మకండి. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లతో 246 పనులు చేయించింది. అప్పటి ఏఐ టూల్స్ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం వేగం పెరిగిందనుకున్నారు. అవి అప్పటి టూల్స్, వాళ్లకు బాగా తెలిసిన రెపోలు. ఇవాళ మీ టీమ్‌లో సంగతేమిటో తెలియాలంటే టికెట్ తెరిచినప్పటి నుంచి మెర్జ్ అయ్యేదాకా, మళ్లీ తెరుచుకున్న బగ్‌లతో సహా, ఒక నెల లెక్క రాసి చూడండి.

"మరి కోడింగ్ నేర్చుకోవడం దండగేనా?"

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోర్సులు చేస్తున్న పిల్లలు, ఫీజులు కట్టిన వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఇది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. చిన్న చిన్న స్క్రీన్లు, ఒకేలాంటి ఏపీఐలు రాసే పని ఏజెంట్లకు నిజంగానే వెళుతోంది. ఉద్యోగాలు ఎన్ని ఉంటాయో ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి, అటు భయపెట్టేవాళ్లనైనా, ఇటు గ్యారంటీ ఇచ్చే ఇన్‌స్టిట్యూట్‌నైనా. కానీ పైన చెప్పిన పనులు చూడండి: బగ్‌ని తిరిగి పుట్టించడం, రావలసిన విలువ చేత్తో లెక్కేయడం, డిఫ్ చదవడం, సడలిన టెస్ట్‌ని పట్టుకోవడం. కోడ్ రాయడం రాకుండా వీటిలో ఒక్కటీ రాదు.

సాధన చేయాలనుకుంటే ఖర్చులేని దారి ఉంది. మీకు తెలిసిన భాషలో ఒక ఓపెన్ సోర్స్ రెపో తీసుకుని, ఇప్పటికే మూసేసిన చిన్న బగ్ ఇష్యూ ఒకటి ఎంచుకోండి. దాన్ని సరిచేసిన కమిట్‌కి ముందు కమిట్‌ని చెకౌట్ చేయండి. బగ్‌ని మీ మెషీన్‌లో చూడండి, టికెట్ మీరే మళ్లీ రాయండి, ఉచితంగా దొరికే ఏజెంట్‌కి ఇవ్వండి. వచ్చిన డిఫ్‌లో ఏం తప్పుందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే అసలు మెయింటెయినర్ చేసిన ఫిక్స్, ఆయన చేర్చిన టెస్ట్ తెరవండి. ఆ టెస్ట్‌ని ఏజెంట్ కోడ్ మీద రన్ చేసి, మీ కాగితంలో లేనిది ఏం బయటపడిందో చూడండి.