తాలిబన్ల గద్దెకు వారసులెవరు? కొన్ని అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ వార్తల డెస్కులో అఫ్గానిస్థాన్ చూసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: "హైబతుల్లా తర్వాత ముల్లా ఒమర్ కొడుకేగా?" హైబతుల్లా తాలిబన్ల ఇప్పటి అధినేత, ఒమర్ ఆ సంస్థ వ్యవస్థాపకుడు. నాయకుడు పోగానే కొడుకు వైపు చూడటం మనకు అలవాటు. అక్కడి లెక్క వేరు.

అపోహ: అధికారం తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుంది.

వాస్తవం: ఇప్పటిదాకా ముగ్గురు అమీర్లు, అంటే సర్వాధినేతలు. ముగ్గురివీ వేర్వేరు కుటుంబాలే కాదు, వేర్వేరు పష్తూన్ తెగలు: ఒమర్ హోతక్, అఖ్తర్ మన్సూర్ ఇస్హాక్‌జయ్, హైబతుల్లా నూర్‌జయ్. ఒమర్ 2013లో చనిపోతే ఆ సంగతి రెండేళ్లకు పైగా దాచారు. 2015 జులైలో బయటపడగానే మన్సూర్‌ను నాయకుడిగా ప్రకటించారు. ఒమర్ కొడుకు యాకూబ్, ఒమర్ తమ్ముడు అబ్దుల్ మనాన్ మొదట ఒప్పుకోలేదు. కొన్ని వారాలకే ఇద్దరూ బైఅత్, అంటే విధేయతా ప్రమాణం చేశారు. 2016 మేలో బలూచిస్థాన్‌లో అమెరికా డ్రోన్ మన్సూర్‌ను చంపింది. అప్పుడూ యాకూబ్‌కు దక్కింది ఉపనాయకత్వమే. అమీర్ అయింది యుద్ధ కమాండర్‌గా కంటే మతపండితుడిగా, న్యాయమూర్తిగా పేరున్న హైబతుల్లా.

అపోహ: అయితే కుటుంబానికి విలువే లేదన్నమాట.

వాస్తవం: చాలా ఉంది. అమీర్ పీఠం వంశంతో రాదు గానీ మంత్రి కుర్చీ వస్తుంది. 2021లో యాకూబ్ రక్షణ మంత్రి, చిన్నాన్న అబ్దుల్ మనాన్ కూడా మంత్రి. తాలిబన్లలో భాగమైన హక్కానీ ముఠాను నిర్మించిన జలాలుద్దీన్ హక్కానీ కట్టిన దళాలు, నిధులు, ఖోస్త్-పక్తియా ప్రాంతంలోని జద్రాన్ తెగ బలం కొడుకు సిరాజుద్దీన్‌కు వచ్చాయి. ఆయన హోంమంత్రి అయితే, చిన్నాన్న ఖలీల్ శరణార్థుల మంత్రి (2024 డిసెంబరులో కాబూల్‌లో ఆత్మాహుతి దాడిలో చనిపోయాడు). పదవుల్లో పెట్టుకున్న బంధువులను తీసేయమని 2023 మార్చిలో హైబతుల్లాయే ఆదేశించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు.

అపోహ: అందరూ పష్తూన్లే. కాదు. సైన్యాధిపతి ఫసీహుద్దీన్ తజిక్. పైవరుసలో ఇలాంటివాళ్లు తక్కువన్నది మాత్రం నిజం.

అపోహ: యువ వారసులు వస్తే మెత్తబడతారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే అమ్మాయిల చదువు దీని మీద ఆధారపడి ఉందని చాలామంది నమ్ముతున్నారు. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తామని కాబూల్‌లోని విద్యాశాఖ చెప్పింది. ఆడపిల్లలు బడికి వచ్చారు. కొన్ని గంటల్లోనే ఇళ్లకు పంపేశారు. ఆఖరి మాట కాందహార్‌లో ఉన్న అమీర్‌ది. 2023 ఫిబ్రవరిలో ఖోస్త్‌లో మాట్లాడుతూ, అధికారమంతా ఒకచోటే పోగవడాన్ని సిరాజుద్దీన్ తప్పుపట్టాడు. ఆ తర్వాత బళ్లు తెరుచుకోలేదు, ఆయన పదవీ వదల్లేదు. బైఅత్ ఇచ్చాక అమీర్‌ను ధిక్కరించడం వాళ్ల దృష్టిలో రాజకీయ విభేదం కాదు, మతపరమైన నేరం. పైగా 2008లో కాబూల్‌లోని మన రాయబార కార్యాలయం మీద బాంబు దాడికి హక్కానీల ముఠాయే కారణమని అమెరికా అధికారులు చెప్పిన సంగతి మనం మరవకూడదు.

హైబతుల్లా తర్వాత ఎవరన్న ప్రశ్నకు నేనైతే యాకూబ్, సిరాజుద్దీన్‌ల కంటే ముందు కాందహార్ మదర్సాల వైపు, కోర్టుల వైపు, హైబతుల్లా రాష్ట్రాల్లో వేసిన ఉలేమా (మతపండితుల) మండళ్ల వైపు చూస్తాను. 2016లో ఒప్పించాల్సింది క్వెట్టా షూరాను, అంటే పాకిస్థాన్‌లోని క్వెట్టా పేరుతో పిలిచే తాలిబన్ల నాయకత్వ మండలిని. ఈసారి ఈ పండితులందరినీ ఒప్పించాలి.