మెదడులో ఎర్రమచ్చ

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మెదడు స్కాన్ బొమ్మ చూపించి, "తాతయ్యా, ఈ ఎర్రగా ఉన్నదేనా ఆలోచన?" అని అడిగారు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అమ్మమ్మ చంటిదాని మాడుకు ఆముదం పెట్టేటప్పుడు అక్కడ మెత్తగా కొట్టుకోవడం చూశారు కదా? ఎముకలు ఇంకా కలవని చోట మెదడులో రక్తం పొంగడం అలా పైకి తెలుస్తుంది. సుమారు 140 ఏళ్ల కిందట ఇటలీలో ఆంజెలో మోస్సో అనే శాస్త్రవేత్త పెద్దవాళ్లలోనూ దాన్ని చూశాడు. ఇటుక మీదపడి పుర్రెకు రంధ్రమైన ఒక రైతు మెదడు కొట్టుకోవడాన్ని కాగితం మీద గీతలుగా తీశాడు. మధ్యాహ్నం చర్చి గంటలు మోగాయి, గీత పైకి లేచింది. ప్రార్థన గుర్తొచ్చిందా అని అడిగితే మళ్లీ లేచింది. ఎనిమిది పన్నెండ్లు ఎంత అన్నా లేచింది! చేతి నాడిలో మాత్రం మార్పు లేదు. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మెదడు బరువు మన ఒంట్లో నూటికి 2 వంతులే. ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 వంతులు వాడేస్తుంది. దాచుకోవడం దానికి చేతకాదు, రక్తం వస్తూనే ఉండాలి.

ఇక మీ ఎర్రమచ్చ సంగతి. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఇచ్చేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతం దగ్గర వేరే రకంగా ప్రవర్తిస్తుందని 1936లోనే తేలింది. 1990లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సీజీ ఒగావా అనే శాస్త్రవేత్త ఆ తేడాను అయస్కాంతంతో తీసే ఎలుకల మెదడు స్కాన్‌లో పట్టుకున్నాడు. మెదడులో ఒక భాగం పనిలో పడితే అక్కడ ఆక్సిజన్ తగ్గిపోతుందని అనుకుంటాం. కానీ పెరుగుతుంది! పదిమంది పంక్తికి ఇరవైమందికి వండినట్టు, కావలసినదానికి మించి రక్తం వచ్చి చేరుతుంది. అది రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి, స్కాన్‌లో కనపడేసరికి ఆలోచన ముందే మొదలైపోయి ఉంటుంది. అలా రక్తం చేరిన చోటును చూపించడానికి ఎరుపు రంగు కంప్యూటర్ వేసింది.

కరోనా రోజుల్లో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందా? అలాంటి కాంతినే నుదుటి గుండా పంపి మెదడులోని ఆక్సిజన్‌ను చూడవచ్చని 1977లో ఫ్రాన్స్ యోబ్‌సిస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఇప్పుడు పుట్టగానే జబ్బుపడ్డ పసికందులకు కూడా ఆ కాంతి పంపే పట్టీ నుదుటికి అతికిస్తారు. సూది గుచ్చే పనే లేదు.

సెలవులకు వచ్చినప్పుడు చంటిదాని మాడు మీద అరచేయి ఆనీ ఆనకుండా పెట్టి చూడండి. నొక్కకండి.

మీ తాతయ్య